జీపులో కూర్చుని మామా చూసిన పక్షులు

కువైట్ దేశపు ఫింటాస్‌లో చలికాలం పొద్దున గాలి సముద్రం వైపు నుంచి తిరిగితే, నాచూ చేపలూ కలిసిన వాసన వంటింటి కిటికీ దాకా వస్తుంది. తోటి పనిమనిషి ముక్కు మూసుకుని కిటికీ వేసేస్తుంది. నేను మళ్ళీ తెరుస్తాను. ఆ వాసనకు నా పాత మామా గుర్తొస్తుంది. పనిచేసే ఇంటి ఇల్లాలిని ఇక్కడ మేం మామా అంటాం.

కువైట్ వచ్చిన కొత్తలో ముబారక్ అల్ కబీర్‌లో ఆమె ఇంట్లో చేరాను. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయాడు. భూమికి దక్షిణపు కొసన ఉన్న ఫాక్లాండ్ దీవులకు వెళ్ళి, ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపు పక్షుల్ని గూళ్ళ దగ్గరే చూడాలని ఇద్దరూ అనుకున్నారట. నెలల తరబడి సముద్రం మీద తిరిగినా ఆ పక్షి పాత జోడు దగ్గరికే వస్తుందని ఆయన చెప్పేవాడట. మామా తన మోకాళ్ళు పూర్తిగా పడిపోకముందే చూడాలని పట్టుబట్టి, తోడుగా నన్ను బయలుదేరదీసింది.

"పక్షుల కోసం ఇంత దూరమా మామా? మా రాయచోటిలో కొంగలు ల్యావా?" అన్నాను.

"మీ కొంగల కోసం మా ఆయన కలలు కనలేదు. యల్లా, పద, పెట్టె సర్దు."

చెట్టన్నదే లేని దీవి అది. పెంగ్విన్లు మగపెళ్ళివాళ్ళలా దర్జాగా మా కాళ్ళ పక్కనుంచే నడిచిపోయేవి. వాటి కంపుకు నేను కొంగు అడ్డం పెట్టుకుంటే మామా పడిపడి నవ్వేది. ఆల్బట్రాస్‌లుండే కొండవాలుకు మాత్రం చివరి రోజే వెళ్ళగలిగాం. జీపు కొంతదూరమే పోయింది. తర్వాత నిలువెత్తు గడ్డి, బురద, మనిషిని నెట్టేసే గాలి. నాలుగడుగులు వేసేసరికి మామా మోకాలు మడతపడి బురదలో కూలబడింది. డ్రైవరూ నేనూ ఎత్తి జీపులో కూర్చోబెట్టాం. పక్షుల అరుపులు వినిపిస్తున్నాయి, కనబడవు. మర్నాడే తిరుగు విమానం.

మామా జీపు అద్దం తుడిచి ఆ అరుపుల వైపే చూసింది. తర్వాత, "నువ్వు పో రమణా. చూసి రా" అంది.

పోయి వచ్చాను. "శానా పక్షులుండాయి మామా. బాగుండాయి."

"బాగున్నాయా!" ఆమె నా వైపు తిరిగింది. "ఆ ఒక్క మాట కోసమా ఇంత దూరం వచ్చాను? మళ్ళీ పో."

ఈసారి ఒక్క గూడు దగ్గరే కూర్చున్నాను. చేతులు మొద్దుబారేదాకా చూశాను. తిరిగొచ్చి ఆమె చేయి పట్టుకుని చెప్పాను. గూడు మా ఊళ్ళో మట్టిపొయ్యి అంత ఉంది. పక్షి తెల్లగా ఉంది, కంటి మీద కాటుక చెరిగినట్టు నల్లటి గీత. సముద్రం మీద నుంచి రెండోది వచ్చింది. దిగడం రాక బోర్లాపడింది.

"పడిందా?" మామా కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "గూట్లో ఉన్నది ఏం చేసింది? లేచిందా?"

"ల్యా మామా. అలిగినట్టు అట్లనే కూచునింది. సముద్రం నుంచి వచ్చిండేది దగ్గరికి నడిచి ముక్కుకు ముక్కు తాకించింది. అప్పుడు ఇది మెడ సాచింది. ఆ మెడకింద ఈకలు అది ఒక్కొక్కటే సర్దింది."

మామా ముసుగు ముఖం మీదికి లాక్కుంది. లోపలి నుంచే, "ఖలాస్. చూశాను" అంది.

కువైట్ చేరాక, చెప్పిందంతా మరిచిపోకముందే నా భాషలో రాసిపెట్టమంది. అక్షరాలు రావన్నాను. "యాభై దాటాక నేను కారు నేర్చుకోలేదా? గోడల్నే గుద్దాను, మనుషుల్ని కాదు. నువ్వూ నేర్చుకో" అని, ప్రతి శుక్రవారం మంగఫ్‌లో ఉండే మా ఊరి అక్క దగ్గరికి పంపింది. నా వేళ్ళు అక్షరాలకు లొంగేసరికి ఆమె మంచం పట్టింది. నేను బజారు నుంచి రాగానే, "ఏం చూశావు?" అనేది. రొట్టెల కొట్టు ముందు తగవులూ, పక్కింటి మేడమీది పావురాలూ అన్నీ చెప్పేదాన్ని. తొందరపడితే ఊరుకునేది కాదు.

ఆమె పోయి ఏళ్ళయింది. ఇల్లు మారాను. ఇప్పటికీ దేన్నీ ఒక్క చూపుతో వదిలి రాలేను. ఇంటికెళితే అడిగే మనిషి లేదని తెలుసు. అయినా ఇంకాసేపు నిలబడి చూస్తాను.