దీపం కొండెక్కిన సాయంత్రం

ఏసురత్నం వెలుగుతున్న సోలార్ లాంతరు పట్టుకుని కొండెక్కుతున్నాడు. సాయంత్రం ఏడున్నర. పై పోస్టు నుంచి రేడియోలో సుబేదార్ గొంతు: “వాలు మీద ఆ వెలుగేమిటి? ఆర్పించు.” రేడియో దగ్గర నేనే ఉన్నాను. చీకటి పడ్డాక బయట వెలుగు కనిపించకూడదన్నది ఆ సరిహద్దులో మొదటి నియమం. కేకేసి వాణ్ని వెనక్కి పిలిచాను.

లడఖ్‌లోని ఆ పోస్టుకు అక్టోబరులో చేరాం. రాతి గోడలు, రేకుల కప్పు, మోకాలి లోతు మంచు. బంకర్‌లో ముగ్గురం, ముగ్గురమూ ఒకే జిల్లావాళ్లం. నాది వడమాలపేట. రేడియో ఆపరేటర్‌ది కాణిపాకం. మెషిన్‌గన్ ఏసురత్నానిది, ఊరు పుత్తూరు.

ఆపరేటర్ డ్యూటీ రాత్రి రెండింటికి మొదలు. ఏడింటికే పడుకోవాలి. కానీ నిద్ర పట్టేది కాదు. ఒకసారి సందేశంలో అంకెలు తప్పు రాసుకున్నాడు. ఇంకోసారి జరిగితే రేడియో తీసేసి కిందికి పంపుతానని సుబేదార్ చెప్పేశాడు.

ఏసురత్నం కొండెక్కిన రోజు మధ్యాహ్నమే నర్సింగ్ హవల్దార్ వచ్చి అతని మంచం చూశాడు. లాంతరు సరిగ్గా తల పైన వేలాడుతోంది. పొద్దుపోయాక మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ ఊరుతుందని, రాత్రయిందని ఒంటికి తెలిపేది అదేనని, కళ్ల మీద వెలుగు పడితే ఊరడం తగ్గుతుందని వివరించాడు.

ఏడింటికి ఆపరేటర్ రగ్గు కప్పుకుని అన్నాడు: “రత్నం, ఆ దీపాన్ని కొండెక్కించప్పా.”

మా ఇళ్లలో దీపాన్ని ఆర్పమనరు, అశుభం. కొండెక్కించమంటారు. ఏసురత్నం వాళ్లది క్రైస్తవ కుటుంబం, ఆ మాట ఎప్పుడూ వినలేదు. పై పోస్టుకు రోజూ సామాను మోసేది మాత్రం అతనే.

“ఆర్పమనుంటే ఆర్పేసేవాణ్ని గదన్నా,” అన్నాడు తిరిగొచ్చి, మంచు దులుపుకుంటూ. “కొండెక్కించమనె. ఎక్కినాను.”

“రేపు సుబేదార్ నిన్ను ఎక్కిస్తాడులే,” అన్నాను.

ఆపరేటర్ నవ్వలేదు. అప్పటికే నిద్రపోయాడు.

ఆ రోజు నుంచి ఏడింటికి లాంతరు బందు. మా పనులకు టార్చికి ఎర్రగుడ్డ చుట్టుకున్నాం. ఎర్ర వెలుగు నిద్రను తక్కువ చెడగొడుతుందట. ఆపరేటర్ మళ్లీ అంకె తప్పలేదు. మార్చిలో అందరం కలిసే దిగాం.

ఇంటికొచ్చి ఏళ్లయింది. నోరు తెరిచి, మీసం మీద మంచుపొడితో నిద్రపోతున్న ఆపరేటర్ ముఖం ఇంకా కళ్ల ముందే ఉంది. అదే చీకట్లో, పక్క మంచం మీద, నేను మేలుకునే ఉండేవాణ్ని. ఇప్పటికీ అంతే. తిరుపతిలో డాక్టరును అడిగాను. చీకటి అందరి మీదా ఒకేలా పనిచేయదని అన్నారు. నా మీద ఎందుకు పనిచేయదో ఆయనకూ తెలియదు.