పాకం తెలియని వేళ్లు

మంచం దిగే ముందు గణపతిరావు ఇరవై వరకు లెక్కపెడతాడు. కాళ్లు నేలకు ఆనించి, భార్య రూపాదేవి అందించిన ఉప్పు మజ్జిగ గ్లాసుడు తాగి, అప్పుడు గోడ పట్టుకుని లేస్తాడు. తొందరపడి లేచాడంటే గుండె దడదడ కొట్టుకుంటుంది, కళ్ల ముందు చీకట్లు కమ్ముతాయి. ఆ పొద్దున్న ఇరవై అయిపోయినా లేవలేదు.

"ఏటి మావా, ఎల్లవా?" అంది రూపాదేవి.

"మంచు పడతందేటే?"

"ఎదురింటి గోడ అవుపడ్డం లేదు."

గణపతిరావు కుడిచేతి వేళ్లు మూసి, తెరిచి చూసుకున్నాడు. చూడ్డానికి ఏ లోపమూ లేని వేళ్లు.

"ఇయాలైనా గోవిందరావు గారికి సెప్పీ మావా," అంది ఆవిడ. "సెప్పేస్తే నీకూ బరువు తగ్గుతాది."

"సెప్తే బరువు తగ్గదే, పని తగ్గుతాది."

చోడవరం నుంచి రోలుగుంట పోయే దారిలో గోవిందరావు గారి చెరకు తోట ఉంది. ఆ తోట చివరి పాకలో ఇరవై నాలుగేళ్లుగా బెల్లం వండుతున్నది గణపతిరావే. పెనం రెండుసార్లు మారింది, పొయ్యి మూడుసార్లు పడగొట్టి కట్టారు, మేస్త్రి మాత్రం మారలేదు. రసం మరిగి దిమ్మ కట్టే అదనుకు వచ్చిందో లేదో చెప్పే యంత్రం ఏదీ అక్కడ లేదు. అతని చెయ్యే యంత్రం. పక్కనున్న బకెట్లో చల్లటి నీళ్లుంటాయి. అందులో చెయ్యి ముంచి, ఆ తడి ఆరకముందే పెనంలోంచి చిటికెడు పాకం తీసి, మళ్లీ నీళ్లలో పెట్టి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపాలి. జారిపోతే ఇంకా కాగాలి. ఉండ కట్టి, నొక్కినప్పుడు లోపల్నుంచి కొంచెం ఎదురు తిరిగితే దించెయ్యాలి. ఆ అదను రెండు నిమిషాలకు మించి నిలవదు. ముందు దించితే దిమ్మలు చెమర్చి కారిపోతాయి. ఆలస్యమైతే మాడి నల్లబడతాయి. గణపతిరావు దించిన బెల్లం అనకాపల్లి మార్కెట్లో చూడగానే తెలిసిపోతుందని గోవిందరావు గారే నలుగురిలో అనేవారు.

ఆ మాట అని చాలా రోజులైంది.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో గణపతిరావు తమ్ముడు చంద్రమోహన్ పోయాడు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, పదకొండు రోజుల్లో. ఆ కర్మకాండలైన వారానికే ఇంటిల్లిపాదీ వెళ్లి హైస్కూల్లో వరసలో నిలబడి టీకా వేయించుకున్నారు. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మొదటి సూదికి చెయ్యి కొంచెం నొప్పి పుట్టిందంతే. రెండో సూదికి అందరికీ జ్వరం వచ్చింది, రెండు రోజుల్లో తగ్గింది. గణపతిరావుకీ తగ్గింది. కానీ ఐదో రోజున వేళ్ల చివర్లలో చీమలు పాకడం మొదలైంది. కొన్నాళ్లకు చీమలు పోయి మొద్దుతనం మిగిలింది. దాంతోపాటే ఈ లేచినప్పటి దడ. ఒక రోజు గట్టిగా పని చేస్తే మర్నాడంతా ఒళ్లు తడిసిన గోనెసంచిలా బరువెక్కిపోవడం.

షుగరు లేదన్నారు. బలం సూదులు పొడిచారు. విశాఖలో పెద్దాసుపత్రికి వెళితే నరాల డాక్టరమ్మ వేలికొకసారి సూదితో గుచ్చి చూసింది, పడుకోబెట్టి నిలబెట్టి నాడి చూసింది. "టీకా వల్ల అయ్యుండొచ్చు. అరుదుగా ఒకరిద్దరిలో ఇలాంటివి చూశాం. వేరే కారణం కూడా అయ్యుండొచ్చు. మీ ఒక్కరి విషయంలో కచ్చితంగా ఇదే అని తేల్చే పరీక్ష లేదు. చాలామందికి మెల్లగా తగ్గుతుంది," అంది. ఉప్పు, నీళ్లు ఎక్కువ తీసుకోమంది, నిదానంగా లేవమంది, మాత్రలు రాసింది.

తిరుగు బస్సులో గణపతిరావు భార్యతో అన్నాడు: "ఆ పిల్ల అబద్ధం ఆడలేదే. అది మంచిదే. కానీ అబద్ధమైనా ఆడుంటే పట్టుకోడానికి ఏదో ఒకటుంటాది గదా."

ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే చెరకు ట్రాక్టరు తోలే బంగార్రాజు టీ కొట్టు దగ్గర ఏమంటాడో తెలుసు. "నాను ఏయించుకోలేదు, సూడు ఎలగున్నానో! ముందే సెప్పేను గదరా!" అంటాడు. తమ్ముణ్ణి కాటిలో కాల్చి వచ్చాక ఆ మాట వినడం గణపతిరావు వల్ల కాదు. ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. ఊరంతటికీ లేనిది నీకొక్కడికెలా వచ్చింది, అంతా మనసులోదే అంటారు. ఒకడు అతన్ని సాక్ష్యంగా వాడుకుంటాడు, ఇంకొకడు అబద్ధాలకోరంటాడు. మధ్యలో వేళ్లు అలాగే ఉంటాయి.

అందుకని కళ్లతో నెట్టుకొచ్చాడు. బుడగలు పెద్దవై, చప్పుడు మారి, మధ్యలో పువ్వులా విచ్చుకున్నప్పుడు దించమనేవాడు. చెయ్యి మాత్రం ఎప్పటిలాగే ముంచేవాడు, నలిపేవాడు, తల ఊపేవాడు. నూనె డబ్బా బోర్లించి దానిమీద కూర్చునేవాడు. ఎవరైనా అడిగితే మోకాలు నొప్పి అనేవాడు. రెండు సీజన్లు గడిచాయి.

ఈ జనవరిలో మంచు ఎన్నడూ లేనంత దట్టంగా మొదలైంది. మంచు పడ్డ పొద్దుల్లో పాకలో ఆవిరి పైకి పోదు, పెనం మీదే కూర్చుంటుంది. బుడగలు కనబడవు. వారం తేడాలో రెండు పెనాలు పోయాయి. ఒకటి కారిపోయింది, ఒకటి మాడిపోయింది.

ఆ రోజు గణపతిరావు వెళ్లేసరికి గోవిందరావు గారు మఫ్లరు చుట్టుకుని పాక గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"మేస్త్రీ, దాపరికం ఎందుకు, సెప్తన్నాను. ఇది మూడోది. ఇదీ పోయిందంటే కశింకోట నుంచి మనిషి వస్తాడు. రేపటికే మాటాడి ఉంచేను."

"అలగే బాబూ."

"నువ్వేటీ అనుకోకు. వయసు మీద పడతంది, మోకాళ్లంటన్నావు. ఇంటికాడ కూకో."

"నలభై ఏడుకి వయసేటి బాబూ?" అంది పొయ్యి దగ్గర్నుంచి సన్యాసమ్మ. "మరి నాకు యాభై ఎనిమిది, నన్ను కాటికి పంపీగలరు!"

సన్యాసమ్మది పొయ్యిలో పిప్పి ఎగదోసే పని. రసం తీసేసిన చెరకు పిప్పిని ఎండబెట్టి అదే వంటచెరకుగా వాడతారు. గణపతిరావు తండ్రి మేస్త్రిగా ఉన్నప్పట్నుంచీ ఆవిడ ఆ పొయ్యి ముందే ఉంది. అందుకే గణపతిరావు ఆవిణ్ణి అక్క వరసలో అప్పా అంటాడు, ఆవిడ అతన్ని ఒరే అంటుంది.

రసం మరిగింది. మడ్డి తీశారు. రెండు గంటలు కాగాక రంగు తిరిగి చిక్కబడింది. గణపతిరావు డబ్బా మీద కూర్చుని ఆవిరిలోకి చూస్తున్నాడు. తెల్లటి ఆవిరి తప్ప ఏమీ లేదు. చప్పుడు వినబోతే గానుగ ఇంజను చప్పుడు అడ్డమొచ్చింది. గోవిందరావు గారు అతని వెనకే నిలబడ్డారు.

అప్పుడే పొయ్యిలోంచి మండుతున్న పిప్పి జారి బయటి కుప్ప వైపు దొర్లింది. సన్యాసమ్మ లేచి, చేతికందిన బకెట్టు ఎత్తి దానిమీద గుమ్మరించి, ఖాళీ బకెట్టు ఎక్కడిది అక్కడే పెట్టేసింది. అది గణపతిరావు చెయ్యి ముంచే బకెట్టు. అతను చూడలేదు. చూపు పెనం మీదుంది. ఇరవై నాలుగేళ్లుగా ఆ బకెట్టు వైపు అతను చూసింది లేదు. చెయ్యి దానంతటదే వెళుతుంది, నీళ్లు తగిలాయని వేళ్లే చెబుతాయి.

చెయ్యి వెళ్లింది. బకెట్లో తిరిగి పైకొచ్చింది. తడో పొడో వేళ్లు ఏమీ చెప్పలేదు. పొడి చేత్తోనే పెనంలోంచి పాకం తీశాడు.

"ఒరే!" అని అరిచింది సన్యాసమ్మ.

గణపతిరావు ఆవిడ వైపు తిరిగాడు, వేళ్ల మధ్య పాకం నలుపుతూనే ఉన్నాడు. చర్మం పాకంతోపాటు లేచి వస్తోంది. మంట వేళ్లలో కాదు, అరచేతి మొదట్లో, ఎక్కడో దూరంగా మొదలై పైకి పాకింది. అప్పుడు చూసుకున్నాడు.

"ఓలమ్మో! కాలిపోతంటే నలుపుతావేట్రా!" సన్యాసమ్మ అతని మణికట్టు పట్టుకుని తాగే నీళ్ల డబ్బాలో ముంచింది. "తెల్డం లేదేట్రా నీకు?"

గోవిందరావు గారు ముందుకొచ్చారు. "ఏటది? ఏటయింది?"

పెనం ఉడుకుతూనే ఉంది. ఇప్పుడో ఇంకాసేపటికో అదను వస్తుంది, వచ్చి వెళ్లిపోతుంది. ఏదో ఒకటి అనెయ్యొచ్చు. దించమంటే దించుతారు. అదృష్టం బాగుంటే బాగుంటుంది. గణపతిరావు నోరు తెరిచాడు.

"తెల్డం లేదు బాబూ," అన్నాడు. "రెండేళ్లు దాటింది. రెండో సూది ఏయించుకున్న కాణ్ణుంచి. దానివల్లో మరిదేనివల్లో డాక్టర్లకే తెలీదు. సేతి ఏళ్లకి పాకం తెల్డం లేదు."

"రెండేళ్లా? మరి ఇన్నాళ్లూ ఎలగ దించేవు?"

"కళ్లతోని. మంచు లేని రోజున."

గోవిందరావు గారి ముఖం మీద కోపమూ జాలీ ఒకదాన్నొకటి తోసుకున్నాయి.

"అప్పా," అన్నాడు గణపతిరావు, "నువ్వు సూడు."

"నానా?" సన్యాసమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. ఆ పాకల్లో ఆడవాళ్లు పొయ్యి చూస్తారు, మడ్డి తోడతారు, దిమ్మలు మోస్తారు. పెనంలో చెయ్యి మాత్రం పెట్టరు.

"మతి పోయిందేటి మేస్త్రీ?" అన్నారు గోవిందరావు గారు. "ఆడమనిషి సెయ్యి పెడితే పాకం ఇరిగిపోద్దంటారు."

"నా సెయ్యి పెట్టి రెండు ఇరిగిపోయేయి బాబూ."

గణపతిరావు కాలిన చెయ్యి డబ్బాలోంచి తీసి, ఆ నీళ్లు ఎడంచేత్తో బకెట్లోకి వంచాడు. "ముంచు. బాగా తడుపు. తీసి, నీళ్లలో పెట్టి నలుపు. బయపడకు, ఏగిరం తియ్యి."

సన్యాసమ్మ దేవుణ్ణి తల్చుకుని చెయ్యి పెట్టింది. తీసి నలిపింది.

"ఎలగుంది?"

"సీవిడిలాగుంది."

గానుగలో చెరకు పెడుతున్న కూలీలిద్దరూ నవ్వారు. గణపతిరావు నవ్వలేదు. "ఇంకా ఉంది. మళ్లీ తియ్యి."

"ఇప్పుడు... రొట్టె పిండి. నీళ్లెక్కువైన పిండి."

"మంట తగ్గించండి. మళ్లీ."

ఈసారి ఆవిడ కళ్లు మూసుకుంది. వేళ్లు మెల్లిగా కదిలాయి. ఆవిరికి చెమట పట్టి ముక్కు చివర్న చుక్క నిలిచింది.

"పసిగుంట సెవితమ్మిలాగుంది. దించీ."

గణపతిరావుకు ఇంకా వాసన తగల్లేదు. అదనులో పాకం లోపల్నుంచి ఒక వేపుడు వాసన వస్తుంది. వాసన రాకుండా అతనెప్పుడూ దించలేదు. మంచుకి అదీ అణిగిపోయిందో, నిజంగా రాలేదో. ఇంకొక్క నిమిషం ఆగమని ఇరవై నాలుగేళ్ల అలవాటు చెబుతోంది.

"నొక్కితే ఎదురొస్తందా అప్పా? సరిగ్గా సూడు."

"వస్తందిరా! నా మనవరాలి సెవి నాకు తెల్దేటి? దించుతావా మాడ్సుతావా?"

గోవిందరావు గారు సన్యాసమ్మ వైపు చూడలేదు, గణపతిరావు వైపే చూస్తున్నారు. మాట ఇంకా అతనిదే. ఒక్క ఊపిరి తీసుకున్నాడు.

"దించండి."

గానుగ దగ్గరి ఇద్దరూ కర్రలు దూర్చి పెనం ఎత్తి తొట్టిలోకి వంచారు. పాకం జారుతుంటే బంగారు రంగు తళుక్కుమంది. గణపతిరావు డబ్బా మీద కూలబడ్డాడు. గుండె దౌడు తీస్తోంది. ఇప్పుడు మోకాళ్లని ఎవరికీ చెప్పనక్కర్లేదు.

పదిన్నరకు మంచు విడిపోయింది. గోవిందరావు గారు మొదటి దిమ్మ బోర్లించి గోటితో గీరారు, వేలు మడిచి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకున్నారు. తర్వాత ఫోను తీసి కాస్త అవతలికి నడిచారు. "ఆఁ, రేపు రావొద్దులే. మళ్లీ సెప్తాను," అనడం వినబడింది.

తిరిగొచ్చి, "ఆస్పత్రికెళ్లి సెయ్యి సూపించుకో మేస్త్రీ," అన్నారు. "రేపు మరి... ఇలగేనా?"

"నన్నడగండి బాబూ," అంది సన్యాసమ్మ. "నాను పెనం కాడుంటే పొయ్యెవరు సూస్తారు? దానికి మనిషిని సూడండి. నా కూలి ఇంక పొయ్యి కూలి కాదు. నోరు ఆడిది, సెయ్యి నాది."

"అప్పుడే బేరమేటే!" అంటూనే గోవిందరావు గారు నవ్వి మోటారు సైకిలు తియ్యడానికి వెళ్లారు, మేస్త్రిని ఆస్పత్రికి తీసుకెళ్లడానికి.

గణపతిరావు వరసగా ఆరబెట్టిన దిమ్మల వైపు చూస్తున్నాడు. వాటి అదను చూసింది అతని చెయ్యీ కాదు, కళ్లూ కావు. తన పనిలో అలా జరగడం ఇదే మొదటిసారి. కానీ రేపూ మంచు పడుతుంది. ఆవిడ వేళ్లకు తెలిసింది తన చెవుల్లోకి రావాలంటే ఆవిడ మాటలు తనకి అర్థం కావాలి.

"అప్పా," అని పిలిచాడు. "పసిగుంట సెవంటే ఎన్నో నెల గుంట? పుట్టిన గుంటదా, ఏడాది గుంటదా?"

సన్యాసమ్మ చేతులు కడుక్కుంటూ ఆలోచించింది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకు తెచ్చి గాల్లో నలిపి చూసుకుంది.

"ఐదో నెల," అంది. "బోర్లా పడే ఈడు."

"ఐదో నెల," అని గణపతిరావు మెల్లిగా అనుకున్నాడు.