విస్తరి ముందు కూర్చున్నవాడు

బొబ్బిలి బస్టాండు ఎదురుగా భోజనం హోటలు నడిపిన నారాయణమ్మ సంగతి చెబితే ఈ కాలం వాళ్ళు నమ్మరు. నమ్మకపోతే మానండి. అరవై ఎనిమిదిలో నేను ఆ బస్టాండులో టిక్కెట్లు కోసేవాణ్ణి. రెండు పూటలా ఆవిడ చేతి అన్నమే తిన్నాను. జరిగిందంతా కళ్ళారా చూశాను.

మొగుడు పోయాక మరిది పొలం కాజెయ్యబోతే రోకలి పుచ్చుకుని వీధి చివరిదాకా తరిమిన మనిషి ఆవిడ. ఆ పొలం అమ్మేసి హోటలు పెట్టింది. తమ్ముడు అప్పలసూరి దగ్గరుండి పెంకు నేయించాడు, పొయ్యిలు వేశాడు. తల్లి పోయిన నాటినుంచి వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే. తమ్ముడంటే ప్రాణం. వాడు అక్కని అప్పా అని పిలిచేవాడు.

సంత రోజుల్లో పల్లెల నుంచి రైతులు వచ్చేవారు. ఇంటి దగ్గర వాళ్ళకి చోడి అంబలి, గంజన్నం. ఇక్కడ తెల్లటి అన్నం, పప్పు, చేపల పులుసు, పైగా ఇంకేం కావాలని పక్కన నిలబడి అడిగే మనిషి. అత్తవారింట కూడా అంత మర్యాద ఎరగని వాళ్ళు ఎంతమందో! చాలు అనే మాట తినేవాడు అనాలి గాని పెట్టేవాళ్ళు అనకూడదనేది నారాయణమ్మ. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి ఎవరూ లేపకూడదు, అదీ ఆవిడ కట్టడే. ఒకసారి ఒక కానిస్టేబులు తింటున్నవాడి జుట్టు పట్టుకోబోతే ఇనప గరిటెతో అతని వేళ్ళ మీద కొట్టింది. పాపం, అతను చెయ్యి ఊదుకుంటూ వాడు తినేదాకా అరుగు మీద కూర్చున్నాడు.

ఆ శ్రావణంలో నీళ్ళ తగువు వచ్చింది. పొలం గట్టు ఎందుకు తెంపావని ఆవిడ తండ్రి కూర్మయ్య నిలదీస్తే, పక్క పొలం దాలయ్య పారకర్రతో ముసలాయన చెయ్యి విరగ్గొట్టాడు. మర్నాడు మధ్యాహ్నం దాలయ్య ఊరు విడిచి పారిపోదామని బస్టాండుకి వచ్చాడు. అప్పలసూరి, అతని చుట్టాలిద్దరు కత్తులతో వెతుక్కుంటూ రావడం చూసి హోటల్లోకి దూరి, వేసి ఉన్న విస్తరి ముందు కూర్చున్నాడు. తండ్రి కబురు నారాయణమ్మకి ఇంకా అందలేదు. తమ ఊరి మనిషే కదా అని అన్నం వడ్డించింది. అప్పుడు గుమ్మంలో అప్పలసూరి నిలబడ్డాడు.

"అప్పా, ఆడికి పెట్టకు. ఆడు మనయ్య సెయ్యి ఇరగ్గొట్టీసినాడు."

పప్పు గరిటె గాలిలో ఆగిపోయింది. ఆవిడ దాలయ్యకేసి చూసింది. అతను తలెత్తలేదు, కాదని అనలేదు. ఆ నిమిషాన వాణ్ణి తనే నరికెయ్యాలనిపించిందని ఆవిడ తరవాత నాతో అంది. నరకలేదు. పప్పు వాడి విస్తట్లో వేసింది.

"తిని లెగనీరా సూరీ. బజార్లోకొచ్చినాక నరుక్కో, నాను అడ్డు రాను. ఇస్తరి కాడ మాత్రం వొద్దు."

ఇక దాలయ్య ప్రాణం ఆ విస్తట్లో అన్నం ఉన్నంతసేపే. అడిగి అడిగి వేయించుకున్నాడు. కడుపు నిండిపోయి, ముద్ద గొంతు దిగక, కళ్ళనీళ్ళు కారుతూనే తిన్నాడు. నారాయణమ్మ వాణ్ణీ వాడి వంశాన్నీ నోరారా తిడుతూనే మళ్ళీ మళ్ళీ వడ్డించింది. మేమంతా ముద్ద చేత్తో పట్టుకుని బొమ్మల్లా కూర్చుండిపోయాం. దాలయ్య ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది.

అప్పలసూరి ఎంతసేపని ఆగుతాడు? ఒక్క ఊపున లోపలికొచ్చి దాలయ్య జుట్టు పట్టి వెనక్కి లాగాడు. విస్తరి చిరిగింది, అన్నం కాళ్ళ కింద పడింది. కత్తి భుజంలో దిగింది, నెత్తురు అన్నం మీద చిమ్మింది. కత్తి రెండోసారి లేచింది. నారాయణమ్మ అప్పుడే వార్చిన గంజి కుండ ఎత్తి తమ్ముడి మొహాన కొట్టింది.

ఆ కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. చుట్టాలిద్దరూ కత్తులు పడేసి అప్పలసూరిని పట్టుకునేలోపు దాలయ్య ఎంగిలి చేత్తో భుజం పట్టుకుని పెరటి దారిన పారిపోయాడు, మళ్ళీ బొబ్బిలిలో కనబడలేదు. నారాయణమ్మ తమ్ముణ్ణి నూతి దగ్గరికి ఈడ్చుకెళ్ళి చేదలకి చేదలు నీళ్ళు పోసింది. తుడవబోతే చర్మం ఆవిడ అరచేతికి అంటుకొచ్చింది. జట్కాలో వాడి తల ఒళ్ళో పెట్టుకుని, చిన్నప్పటి ముద్దుపేర్లన్నీ పెట్టి పిలుస్తూ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కాలు జారి కుండ మీద పడ్డానని పోలీసులకి చెప్పాడు అప్పలసూరి. ఎడమ కన్ను పోయింది.

విరిగిన చేతికి కట్టు కట్టుకుని కూర్మయ్య వచ్చి, నాకు కూతురు లేదని నడి బజార్లో ఉమ్మేసి పోయాడు. తమ్ముణ్ణి ఉడకబెట్టిన మనిషి చేతి కూడు మేం తినం అని కొంతమంది రావడం మానేశారు. ఆవిడ హోటలు మూయలేదు. గడప దగ్గర చప్పుడైతే మాత్రం గరిటె వదిలేసి అటు చూసేది.

చలికాలంలో ఒక సంత రోజున అప్పలసూరి వచ్చాడు. అక్కను చంపడానికే వచ్చాడనుకుని లోపలున్న వాళ్ళం లేచి నిలబడ్డాం. అతను వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. నారాయణమ్మ విస్తరి వేసి అన్ని వంటలూ వడ్డించింది. అతను అన్నం ముట్టుకోకుండా అడిగాడు.

"అప్పా, నన్ను నరకడానికి దాలయ్య ఇప్పుడొస్తే ఏటి సేస్తావు?"

"ఆడి మీదా పోస్తాను."

అప్పలసూరి తలాడించి తినడం మొదలుపెట్టాడు. అన్నంలో పులుసు కలుపుకున్నాడు. కాసేపటికి తలెత్తకుండానే, కోపం లేకుండా అడిగాడు.

"సేప ముక్క ఎయ్యనేదేటప్పా?"

చేప ముక్క విస్తట్లో ఎడమ పక్కనే ఉంది. నారాయణమ్మ కూలబడిపోయింది. ఆ ముక్కని వేళ్ళతో తీసి, అతనికి కనబడే పక్కకి జరిపి, తమ్ముడి మోకాలి మీద తల పెట్టుకుని ఏడిచింది. అప్పలసూరి ఎడమ చెయ్యి ఆవిడ తల మీద వేసి, కుడి చేత్తో తింటూనే ఉన్నాడు.