వీపు వెనక అల

పోయిన ఆదివారం మా ఆవిడ మేనకోడలు, అంటే నా బావమరిది కూతురు, తన ఆఫీసు చూసి వెళ్ళమంటే వెళ్ళాను. జూబ్లీహిల్స్‌లో ఒక మేడ మీద గ్రాఫిక్స్ పని చేస్తుందా పిల్ల. తెర మీద ఎవరో కుర్ర హీరో పచ్చగుడ్డ ముందు సర్ఫ్ బోర్డెక్కి చేతులు చాపి నిలబడి ఉన్నాడు. ఆ పిల్ల ఏదో నొక్కింది, అతని వీపు వెనక సముద్రం లేచి నిలబడింది. మళ్ళీ నొక్కింది, అదే అల అతని మొహం ముందుకు వచ్చింది. "ఎటు పెట్టమంటావు మావయ్యా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "మా నాన్న కూడా ఒకప్పుడు ఇలాంటి షాట్ చెయ్యబోయి చేతులెత్తేశాడట కదా? అన్నీ అంతే ఆయన, సగం దాకా వస్తాడు, నా వల్ల కాదంటాడు" అంది, సరదాగానే.

కృష్ణానగర్‌లో మా ఇంటి దాకా నడిచే వచ్చాను. ఆ రోజు నుంచీ ఒకచోట కూర్చోలేకపోతున్నాను. అన్నం ముందు కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియదు.

నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఫిల్మ్‌నగర్‌లో అప్పుడు సెట్టింగులంటే థర్మోకోలు, ఫైబరు, రెజిన్ వాసన. నేను ఆర్ట్ డిపార్ట్‌మెంటులో మౌల్డింగ్ పనివాణ్ణి. రాజుల స్తంభాలు, దేవతల విగ్రహాలు, విలన్ ఇంటి సింహాలు చేసేవాణ్ణి. మాది విశాఖ. కుర్రతనంలో అక్కడి తీరానికి వచ్చిన విదేశీయులెవరో వెళ్తూ వెళ్తూ వదిలేసిన పాత బోర్డు మీద నేనూ, నాకు అప్పటికింకా బావమరిది కాని ఈ పక్కింటి కుర్రాడూ అలలెక్కడం నేర్చుకున్నాం. తరవాత వాడి అక్కను నేను చేసుకోవడం, పనికోసం హైదరాబాదు రావడం, నా వెనకే వాడూ వచ్చి మా గదిలోనే ఉంటూ ఫైట్ మాస్టరు దగ్గర చేరడం జరిగాయి. విగ్రహాలు చేసే సరుకుతోనే నేను బోర్డులు కూడా చెయ్యగలిగేవాణ్ణి. మా ఎరికలో ఆ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, అందుకు కొంచెం పొగరు కూడా ఉండేది.

బోర్డు సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు తెలియదు. నేను ఎడంకాలు ముందు పెట్టి నిలబడతాను, వాడు కుడికాలు. మా తీరంలో మంచి అల ఎప్పుడూ ఒకే పక్కకు విరిగేది. దానితో పాటు జారేటప్పుడు నా మొహం అలవైపు ఉండేది. దాన్ని ఫ్రంట్‌సైడ్ అంటారు. వాడి వీపు అలవైపు ఉండేది, అది బ్యాక్‌సైడ్. మొహం అలవైపు ఉన్నవాడు కాలివేళ్ళ మీద బరువు వేసి బోర్డును తిప్పుతాడు. వేళ్ళకు పట్టు ఉంటుంది, మోకాలు దానంతటదే వంగుతుంది, కాబట్టి బోర్డు తోక, అంటే వెనక కొస, వెడల్పుగా ఉన్నా మాట వింటుంది, పైగా వేగం ఇస్తుంది. వీపు పెట్టినవాడు మడమల మీద బరువు వెయ్యాలి. మడమకు వేళ్ళ పట్టు ఎక్కడిది? లేని కుర్చీలో కూర్చోబోయినట్టుంటుంది. వెడల్పు తోక నీటిమీద పలకలా తేలుతూ పక్కకు ఒరగనంటుంది. సన్నతోకైతే మడమ నొక్కగానే అంచు నీళ్ళలో దిగి తిరుగుతుంది. ఇది నాకు ఎవరో చెప్పింది కాదు. ఒకరోజు ఎదురుపక్కకు విరిగిన చిన్న అలను నా బోర్డు మీదే వీపు పెట్టి ఎక్కబోయి, తిరగక వెల్లకిలా పడ్డాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అప్పుడొచ్చింది ఆ పాట, హీరో అలల మీద బోర్డెక్కి జారే పాట. హీరోగారి క్లోజప్పులు ముందుగా ఫిల్మ్‌నగర్ స్టూడియో ఫ్లోర్‌లోనే తీసేశారు. నేను చేసిన ఉత్తుత్తి బోర్డు మీద ఆయన్ను నిలబెట్టి, ఫ్యాన్లు పెట్టి, బకెట్లతో నీళ్ళు కొట్టారు. మొహం కెమెరాకు కనిపించాలి కదా, అల ఆయన వీపు వెనక ఉన్నట్టు తీశారు. ఇక దూరం నుంచి తీసే షాట్లకు విశాఖలో నిజం అల మీద నిలబడే డూప్ కావాలి. నన్నే పిలుస్తారనుకున్నాను. ఎన్ని సెట్లు కట్టినా మనం తెరమీద లేం కదా, ఒక్కసారి వీపయినా కనబడాలన్న యావ నాకుండేది. మాస్టరు మాత్రం అలకు వీపు పెట్టేవాడే కావాలని బావమరిదిని ఎంచుకున్నారు. ఇది బాగా చేస్తే యూనియన్ కార్డు ఇప్పిస్తానని కూడా వాడికి మాటిచ్చారు. కార్డు వస్తే ఎవరి దయా లేకుండా బతకొచ్చు. ఆ రాత్రి వాడు మా ఆవిడను పట్టుకుని గది మధ్యలో గిరగిరా తిప్పాడు.

బోర్డు నన్ను చెయ్యమన్నారు. "తోక సన్నంగా తియ్యి బావా, నాకు నీ బోర్డు మీద తిరగదు" అని వాడు మరీ మరీ చెప్పాడు. సరేనన్నాను. ఫోము దిమ్మ ముందు రంపం పట్టుకుని నిలబడితే చెయ్యి నా బోర్డుకుండే వెడల్పు తోక గీతే గీసింది. చెయ్యి గీసిందని ఎందుకు రాస్తున్నాను, నేనే గీశాను. టైము లేదని నాకు నేను చెప్పుకున్నాను. తోక సన్నం చెయ్యడం గంట పని.

సముద్రం ఒడ్డున బోర్డు చూడగానే వాడన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది: "ఏటి బావా, తోక ఇంత వెడల్పు పెట్టావు, కూకుని టిఫిన్ చెయ్యడానికా?" అందరూ నవ్వారు. "ముందు నీ కాళ్ళు సరిగ్గా చూసుకో" అన్నాను నేను.

మొదటి అలకు పడ్డాడు. రెండో దానికీ అంతే, మడమల మీదికి వాలడం, బోర్డు ఒరగకపోవడం, వెల్లకిలా నీళ్ళలోకి. మైకులో మాస్టరు "ఏం బాబూ, కుర్చీ పంపించమంటావా?" అన్నారు. మళ్ళీ నవ్వులు. చాలాసార్లు పడ్డాక ఒడ్డుకొచ్చి, ముక్కులోంచి నీళ్ళు కారుతుండగా, బోర్డు తిరగట్లేదు సార్ అన్నాడు. మాస్టరు నా వైపు తిరిగారు. చేసినవాడివి నువ్వు, నువ్వు చెప్పు అన్నారు. నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? నాలుగు తిట్లు తినేవాణ్ణి, ఆ పూట కూర్చుని తోక చెక్కిచ్చేవాణ్ణి, మర్నాడు వాడు అల మీద నిలబడేవాడు. నేను "బోర్డు బాగానే ఉంది సార్" అన్నాను.

దానికి సాక్ష్యం కూడా నేనే చూపించాను. అదే బోర్డు తీసుకుని వెళ్ళి, అలవైపు మొహం పెట్టి, తీరం పొడవునా జారుకుంటూ వచ్చాను. ఒడ్డున చప్పట్లు కొట్టారు. వెలుతురు పోతోంది, కెమెరాలో పడ్డ ఇదే ఉంచేద్దాం అన్నారు. సినిమాలో హీరోగారు ఒక ముక్కలో అలకు వీపు పెట్టి, మరుముక్కలో మొహం పెట్టి కనిపిస్తారు. హాల్లో ఒక్కరూ పట్టించుకోలేదు. నా వీపుకు ఈలలు వేశారు.

తిరుగు రైల్లో వాడు నన్ను ఒక్క మాట అనలేదు. అనుమానం ఉంటే అనేవాడు. అదే బోర్డు నా కింద ఎగిరిందని కళ్ళారా చూశాడు, ఇంక అనుమానం ఎక్కడుంటుంది? "నా కాళ్ళే మంచివి కావు బావా" అన్నాడు. కొన్నాళ్ళకు మాస్టరు దగ్గర మానేసి విశాఖ వెళ్ళిపోయాడు, ఐస్ ఫ్యాక్టరీలో వ్యాను నడిపాడు, పెళ్ళి చేసుకున్నాడు. కొత్త పని ఏది చెప్పినా "నా వల్ల కాదులే" అనడం అప్పటినుంచే. అక్కగా మా ఆవిడ ఆ మాటకు వాణ్ణి ఎన్నిసార్లు చీవాట్లు పెట్టిందో, అన్నిసార్లూ పక్కనే ఉండి కాఫీ తాగాను.

నిన్న ఆ పిల్లను ఇంటికి పిలిచి, మా ఆవిడను కూడా కూర్చోబెట్టి, ఇదంతా చెప్పాను. మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంకా నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ పిల్ల మాత్రం వాళ్ళ నాన్నకు ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది. తోక కావాలనే వెడల్పుగా చేశానని, మాస్టరుతో అబద్ధం ఆడానని చెప్పాను. తిడతాడనుకున్నాను. వ్యాను పక్కకు తీసి ఇంజను ఆపిన చప్పుడు వినిపించింది. తరవాత మెల్లిగా అడిగాడు: "అయితే బావా, నా కాళ్ళు మంచివేనా?"

మంచివేరా అన్నాను. ఆ కాళ్ళకిప్పుడు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేడు. మా తీరంలో ఇప్పుడు పొద్దున్నే చిన్న చిన్న పిల్లలు బోర్డులు పట్టుకుని వరసలో నిలబడుతున్నారట. ఏ కాలు ముందు పెడతావని అడిగి మరీ, మడమ పక్క ఒక రకంగా, వేళ్ళ పక్క ఒక రకంగా బోర్డులు చేసిచ్చేవాళ్ళున్నారట. ఒకడి దగ్గర కుదరకపోతే ఇంకొకడి దగ్గరికి వెళ్తారు. వాడి రోజుల్లో వాడికి నేనొక్కణ్ణే ఉన్నాను.