తలుపు దీపం కోసం కట్టిన గది

ఆమెను పనిచేసే చోట అందరూ నిదానం అని పిలిచేవారు. టీ కప్పు ఎత్తినా, స్క్రూ విప్పినా నీళ్ళలో కదులుతున్నట్టుండేది. ఆ చిన్న వర్క్‌షాపులో ఆమె పని ప్రోగ్రాములు రాయడం. అక్కడ తయారయ్యే వాటిలో ఆమెకు ఇష్టమైనది తలుపు దీపం. చెవులు వినపడనివాళ్ళ ఇళ్ళకోసం చేసేవారు దాన్ని. బయట ఎవరైనా బెల్లు నొక్కితే లోపల గోడమీద వెలుగుతుంది. చప్పుడు వెలుగై ఇంట్లోకి వస్తుంది.

ఆమె అక్క ఇంట్లోనూ ఒకటి ఉంది. అక్కకు పుట్టినప్పటినుంచీ వినపడదు. పై వాటాలో నిదానం, కింద కుట్టుపనితో అక్క. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకుంటారు.

వీధి వెడల్పు చేశాక ఇంటి ముందునుంచి లారీలు పోవడం మొదలైంది. గోడ వణికితే బెల్లు తీగా వణికేది. ఎవరూ రాకుండానే దీపం వెలిగేది. అక్క లేచివెళ్ళి తలుపు తీసేది.

"ఎవరే?" అని నిదానం చేతులు తిప్పేది.

"గాలి. మంచినీళ్ళిచ్చి పంపించాను" అనేవి అక్క వేళ్ళు.

కొన్నాళ్ళకు ఆ హాస్యమూ ఆరిపోయింది. అక్క దీపంవైపు చూడటమే మానేసింది. గుమ్మంలో స్టూలు వేసుకుని గుండీలు కుడుతూ మాటిమాటికీ తలెత్తి వీధిలోకి చూసేది. ఆ తల లేచినప్పుడల్లా నిదానం గుండెలో సూది దిగేది.

మందు చిన్నదే. వణుకు రాగానే వెలగకుండా, రెప్పపాటు ఆగి, నొక్కిన వేలు ఇంకా అక్కడే ఉంటే వెలగమని దీపానికి చెప్పాలి. నాలుగు వాక్యాల ప్రోగ్రాము. కానీ దీపంలోని సర్క్యూట్ బోర్డు గోరంత. తన ప్రోగ్రామును తాను తయారుచేసుకునే జాగా దానికి లేదు. పెద్ద కంప్యూటరే ఆ వాక్యాలను బోర్డుకు అర్థమయ్యేలా మార్చి ఇవ్వాలి. క్రాస్ కంపైల్ అంటే అదే. దానికి కావలసిన పాత సాఫ్ట్‌వేరంతా వర్క్‌షాపు మూలనున్న ఒక ముసలి కంప్యూటర్లోనే ఉంది. అది లేస్తే లేచేది, లేకపోతే లేదు.

అందరూ బాబాయ్ అని పిలిచే యజమాని ఒకరోజు తేల్చి చెప్పాడు. "అమ్మాయ్, వానలు పడేలోగా కొత్త కంప్యూటర్లమీద ఈ పని జరగాలి. లేదంటే దీపాలు ఆపేసి గేటు మోటార్ల బోర్డులు చేసుకుందాం. నన్ను తిట్టుకోకు."

"పైకి తిట్టుకోన్లే బాబాయ్."

ఆమె కంప్యూటరు లోపల ఒక గది కట్టడం మొదలుపెట్టింది. దాన్ని కంటెయినర్ అంటారు. అందులో ఏ సాఫ్ట్‌వేరు ఉండాలో, ఏ వెర్షను కావాలో ముందే రాసిపెడితే, ఆ రాత ప్రకారం ఏ కంప్యూటర్లోనైనా అదే గది లేస్తుంది. బయట లోకం ఎంత మారినా లోపల కాలం కదలదు. మధ్యాహ్నాలు కళ్ళు మూసుకుంటే ఆమెకు ఆ గది కనిపించేది. కిటికీలు లేవు. అయినా ఎక్కణ్ణుంచో పాలరంగు వెలుతురు. ఆ చల్లటి నేలమీద తాను చెప్పులు విడిచి తిరుగుతున్నట్టుండేది.

గది పూర్తయింది. ప్రోగ్రామూ తయారైంది.

"అద్దెకిస్తావా?" అన్నాడు పక్క బల్లమీద సోల్డరింగ్ చేసే మావయ్య.

"నీలాంటి గోలమనుషులకివ్వను మావయ్యా."

మర్నాడు ముసలి కంప్యూటరు కాలిన వాసన వేసి ఊపిరి వదిలేసింది. డిస్కు కూడా మాడిపోయింది. నిదానం కంగారుపడలేదు. ఆ ముసలిది లేకున్నా పని జరుగుతుందని చూపడానికి తన గదిలో మళ్ళీ కంపైల్ మొదలుపెట్టింది. సగంలో ఆగిపోయింది. సమయాన్ని లెక్కపెట్టే లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము ముక్క, కనిపించడం లేదట!

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పాత లైబ్రరీని మొదటినుంచీ కంపైల్ చేసుకోవడానికి బద్ధకించి, ప్రస్తుతానికి ఇలా కానిద్దామని, ముసలి కంప్యూటర్లోని ఫోల్డరునే నెట్‌వర్కుమీదుగా గదికి తగిలించింది. పని సాగిపోతుంటే మరిచిపోయింది. ఇన్నాళ్ళూ ఆ గది గోడకున్న చిల్లులోంచి చెయ్యి చాపి, ఆ ముసలిదాని దగ్గర్నుంచే తెచ్చుకుంటోంది.

"అంటే, గది నీదే గాని వంట పక్కింట్లో అన్నమాట" అన్నాడు మావయ్య.

ఆమె నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ళు నిండాయి.

"ఇక వదిలెయ్యమ్మా" అన్నాడు బాబాయ్.

"వానలింకా పడలేదుగా."

ఆ లైబ్రరీ సోర్స్ కోడు ఇంటర్నెట్లోంచి తెచ్చుకుని గదిలోపలే కంపైల్ చేసింది. ఒక తప్పు సరిచేస్తే దాని వెనక మరొకటి, మబ్బు వెనక మబ్బులా. ఆమె తొందరపడలేదు. చివరికి మావయ్య లాప్‌టాప్ అడిగి, తన గదిని అందులోకి పంపి, నెట్‌వర్కు ఆపేసింది.

"నాదే ఎందుకు?"

"అందులో ఏమీ లేదు కాబట్టి."

"బోలెడు పాటలున్నాయి!"

పాటల పక్కన గది లేచింది. ఎవరినీ ఏమీ అడగకుండా ప్రోగ్రాము తయారుచేసి ఇచ్చింది.

ఆకాశం బూడిదరంగు తిరుగుతుండగా నిదానం దాన్ని అక్క దీపంలోకి ఎక్కించింది. లారీ ఒకటి పోయింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి. దీపం వెలగలేదు.

"చచ్చిందా?" అన్నాయి అక్క వేళ్ళు.

నిదానం బయటికెళ్ళి బెల్లు నొక్కింది. తిరిగొచ్చేసరికి అక్క వెలిగిన దీపాన్నే చూస్తోంది, నమ్మీ నమ్మనట్టు. ఉన్నట్టుండి లేచి, చెల్లెల్ని భుజాలు పట్టి తన స్టూలుమీద కూర్చోబెట్టి, తాను బయటికెళ్ళి తలుపు మూసుకుంది.

నిదానం రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూసుకుంది. లోకమంతా దూది అయిపోయింది. అంతలో ఆ మెత్తదనంలోకి, గోడమీంచి మెల్లగా, వెలుగు వచ్చి నిలబడింది.