ఏడవని పిల్లలు

పిల్లల్ని సాకడానికి కూడా ఒక చదువుంటుందంటే మా నాన్న నమ్మలేదు. నేను బాలసేవిక శిక్షణకు ఎంపికయ్యానని చెప్పిన రోజు ఆయన చుట్ట ఆర్పి పక్కన పెట్టాడు.

"గిండ్ల ఏదో మతలబు ఉన్నది బిడ్డా," అన్నాడు. "మీ అమ్మ మిమ్ములనందర్ని సాకింది. ఏ సర్టిఫికెట్ సూసి సాకింది? సదువు మేమే చెప్తం, పని మేమే ఇస్తం అంటే ఊకనే ఎవరిస్తరు?"

ఆయన అనుమానం ఉత్తపుణ్యానికి పుట్టింది కాదు. పెద్ద కర్మాగారానికి భూములు కొలవడానికి వచ్చినవాళ్లు కూడా మా అరుగు మీదే కూర్చుని, నవ్వుతూ చాయ్ తాగి వెళ్లారు. తర్వాత మా జొన్నచేను మీదుగా రోడ్డు పడింది. అప్పటినుంచి ఇంటికి నడిచొచ్చిన ఏ మంచి మాటనైనా ఆయన తిరగేసి చూసేవాడు. ఆ గుణం కొంత నాకూ అబ్బింది. అది లేకపోతే ఈ సంగతి నాకు అసలు కనబడేదే కాదేమో.

డెబ్బైల మొదటి సంవత్సరాలవి. ఆ శిక్షణలో పనే చదువు. వారమంతా ఏదో ఒక పిల్లల కేంద్రంలో పనిచేయాలి, శనివారం సంగారెడ్డి వెళ్లి పాఠాలు వినాలి. పాఠాలు చెప్పే టీచరమ్మ అంతకుముందు దవాఖానలో నర్సుగా చేసినావిడ. తెల్ల చీర, నలగని జాకెట్టు, ఎవరి మాటనూ ఒకంతట నమ్మని కళ్లు. "మీరు చూసింది చెప్పండి. అనుకున్నది చెప్పకండి," అనేది ప్రతి పాఠానికీ ముందు.

నన్ను పటాన్‌చెరు దాటాక లోపలికి ఉన్న ఒక సీసాల ఫ్యాక్టరీకి వేశారు. సీసాలు ఏరడం, కడగడం, వరిగడ్డి చుట్టి పెట్టెల్లో సర్దడం అంతా ఆడవాళ్ల పని. చుట్టుపక్కల ఊళ్లనుంచి తెల్లారకముందే నడిచి వచ్చేవాళ్లు. తల్లులు పనిచేసేచోట చంటిపిల్లలకు ఒక గది ఉండాలని చట్టం కాబట్టి, గోదాము చివర ఒక పొడుగాటి రేకుల గది ఇచ్చారు. దూలానికి వరసగా పాత చీరల ఉయ్యాలలు. జోగిపేట నుంచి వచ్చిన ఒక వితంతువు అక్కడ ఆయా. ఇన్‌చార్జి మాత్రం పెద్ద కర్మాగారంలో ఇంజనీరు గారి భార్య. కృష్ణా జిల్లా నుంచి వచ్చి క్వార్టర్లలో స్థిరపడ్డవాళ్లు.

మొదటి రోజు నేను గుమ్మంలోనే ఆగిపోయాను. గదినిండా పిల్లలు. చప్పుడు లేదు. ఉయ్యాలల తాళ్లు కూడా కిర్రుమనడం లేదు.

"చూశావుగా," అంది ఇన్‌చార్జి అమ్మ గర్వంగా. "మా గదిలో ఏడుపు వినపడదు. ఎవరొచ్చి చూసినా మెచ్చుకునే వెళ్తారు. నువ్వు కూడా అలాగే ఉంచాలి సుమా."

అలాగేనన్నాను. కానీ మా ఇంట్లో నా వెనక పుట్టినవాళ్లను నేనే ఎత్తుకు తిరిగాను. ఒకడు పడుకుంటే ఇంకొకడు లేచేవాడు. వాడు లేచాడని పడుకున్నవాడూ లేచేవాడు. ఇంతమంది పిల్లలు ఒక్కసారి, ఒకే తీరుగా నిద్రపోవడం నేనెక్కడా చూడలేదు. గోదాములో సీసాల పెట్టె జారిపడి భళ్లుమన్నా ఒక్క ఉయ్యాల కదల్లేదు. నేను మాత్రం ఉలిక్కిపడ్డాను.

శిక్షణలో మాకొక పని ఉండేది. ఒక బిడ్డను ఎంచుకుని, పొద్దుటి పూటంతా ఏం చేసిందో గమనించి తరగతిలో చెప్పాలి. కిటికీ పక్క ఉయ్యాలలో ఉన్న ఆడపిల్లను నేను ఎంచుకున్నాను. పాకే ఈడు వచ్చిన పిల్ల, కాళ్లకు సన్నటి కడియాలు. శనివారం నా వంతు వచ్చినప్పుడు లేచి, "నిద్రపోయింది మేడమ్," అన్నాను.

"తర్వాత?"

"తర్వాత కూడా నిద్రే."

తరగతంతా నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు. "నువ్వు అసలు పోయినవా? ఇంట్ల కూసుండి కథ చెప్తున్నవా?" అంది. "గా ఈడు పిల్ల పొద్దుగాల్ల రెండుసార్లు పాలు తాగుతది, బోర్ల పడ్తది, చేతికందింది నోట్ల పెట్టుకుంటది. పొద్దంత నిద్రపోయే పిల్ల ఏ ఊర్ల ఉంటది?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ నన్ను అనుమానించినందుకు కోపం వచ్చింది. సంగారెడ్డి నుంచి బస్సులో వస్తుంటే ఆ కోపమే మెల్లగా ఇంకో వైపు తిరిగింది. ఆవిడ చెప్పింది నిజమే. అలాంటి పిల్ల ఏ ఊర్లోనూ ఉండదు. మరి ఈ గదిలో ఎందుకుంది?

సోమవారం నుంచి నేను ఆయా మీద కన్నేశాను. అలమారలో పిల్లల కడుపునొప్పి మందు సీసా ఒకటి ఉండేది. ఆమె నీళ్లకు వెళ్లినప్పుడు మూత తీసి వాసన చూశాను, నాలుక మీద చుక్క వేసుకున్నాను. సోంపు రుచి తప్ప ఏమీ లేదు. ఒకసారి తలుపు చాటున నిలబడి చూస్తే, ఆమె ఒక్కొక్క ఉయ్యాల దగ్గరా వంగి వేలితో ఏదో పూస్తోంది. గబగబా లోపలికి వెళ్లాను.

"ఏం పూస్తున్నవ్ పెద్దమ్మా?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వేలు నా ముక్కు దగ్గర పెట్టింది. ఇంగువ.

"పొట్టలు రాయి లెక్క గట్టిగున్నయి. దొడ్డికి పోతలేరు. అందుకని బొడ్డు సుట్టు రాస్తున్న," అంది. తర్వాత నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వు తలుపు సందులకెళ్లి సూసుడు నేను సూడలేదనుకున్నవా? ఎవరు పంపిన్రు నిన్ను? ఆఫీసోల్లా? పిల్లలు పుట్టకుండ ఆపరేషన్లు చేసేటోల్లా?"

"ఎవరు పంపలే. నేను సదువుకోనీకి వచ్చిన."

"పిల్లల ఉచ్చగుడ్డలు ఉతుకుడు సదువా? నన్ను తీసేసి నీకు పనిస్తమన్నరా?"

ఆమెకు నా మీద అనుమానం, నాకు ఆమె మీద అనుమానం. ఇద్దరం ఒకే గదిలో ఒకరి చేతులు ఒకరం చూసుకుంటూ గడిపాం. నేను పాలు కలిపితే ఆమె వచ్చి నిలబడేది. ఆమె బొంతలు దులిపితే నేను వెళ్లి నిలబడేదాన్ని. ఇన్‌చార్జి అమ్మ మమ్మల్నిద్దర్నీ చూసి, పని మీద ఎంత శ్రద్ధో అనుకుంది.

తరువాతి పాఠంలో టీచరమ్మ పిల్లల కళ్ల గురించి చెప్పింది. నీడలోకి తెస్తే కంటిపాప పెద్దదవుతుందని, అలా కాకపోతే ఏదో ఉందని అర్థమని. నేను ఫ్యాక్టరీకి వెళ్లి కిటికీ మూసి, ఆ పిల్ల కనురెప్ప ఎత్తి చూశాను. కంటిపాప ఆవగింజంత ఉంది. అరికాలు గోటితో గీరితే కాలు మెల్లగా ముడుచుకుని మళ్లీ జారిపోయింది. పక్క ఉయ్యాలలో చూశాను. అక్కడా ఆవగింజే.

వెనకనుంచి ఆయా గొంతు వినిపించింది. ఈసారి అందులో కోపం లేదు.

"నా చేతికి ఇచ్చేటప్పటికే గట్లుంటరు బిడ్డా. పండుకునే వస్తరు. నేను అడగలే. అడిగితె నా పని ఉంటదా?"

నేను ఎక్కే బస్సు సైరన్ మోగాకే వచ్చేది. పిల్లలు గదిలోకి రావడం నేనొక్కనాడూ చూడలేదని అప్పుడు తట్టింది. మర్నాడు నాన్నను బతిమాలి సైకిల్ మీద దింపించుకున్నాను. ఇంకా మంచు విడలేదు. ఫ్యాక్టరీ గోడ పక్కన ఆడవాళ్లు రోడ్డుకు వీపు పెట్టి వరసగా కూర్చున్నారు. పాలిస్తున్నారనుకున్నాను. దగ్గరికి వెళితే ఆ కడియాల పిల్ల వాళ్లమ్మ కనిపించింది, నా ఈడుదే. పిల్ల మెలకువగా ఉంది. మెలకువగా ఉన్న ఆ పిల్ల ముఖాన్ని నేను చూడటం అదే మొదలు. తల్లి కొంగు ముడి విప్పి, నల్లటి జిగురు వేలికొనకు అంటించుకుని, పిల్ల నోట్లో పెట్టబోయింది.

నేను చెయ్యి పట్టుకున్నాను. ఆమె పిల్లను నాకందకుండా అటు తిప్పేసింది.

"ఏందక్కా, చెయ్యెందుకు పట్టుకుంటవ్?"

"నల్లమందా?"

వరసలో ఉన్న వాళ్లంతా ఒక్కసారి లేచారు. ఒకామె నా జడ పట్టుకుని, "మేడమ్‌కు చెప్తవా? చెప్పు సూస్తం!" అంది. కడియాల పిల్ల తల్లే ఆమెను ఆపింది. గొంతు తగ్గించి, నావైపు చూడకుండా మాట్లాడింది.

"ఏడిస్తె మేడమ్ వాపస్ పంపుతది. ఏడ్సే పిల్ల రోగం పిల్ల, తక్కినోల్లకు అంటిస్తది అంటది. పిల్ల వాపస్ వస్తె నేను గూడ వాపసే. ఇంటికాడ సూసేటోల్లు ఎవ్వరు లేరు. మాకు ఇష్టమైతదా అక్కా? గింతంతే పెడ్త. సాయంత్రం దాక పండుకుంటది."

సైరన్ మోగింది. ఆమె నా కళ్లెదుటే ఆ వేలు పిల్ల నోట్లో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజంతా ఎవరికి చెప్పాలో తేలలేదు. ఇన్‌చార్జి అమ్మకు చెబితే తల్లులను పంపేస్తుంది. చెప్పకపోతే ఉయ్యాలలో ఏదో ఒక రోజు ఒక బిడ్డ లేవకపోవచ్చు. శనివారం దాకా ఓపిక పట్టలేక మధ్యలోనే సంగారెడ్డి వెళ్లాను. టీచరమ్మ వరండాలో నిలబెట్టి అంతా విన్నది. చూసింది చెబుతున్నానా, అనుకున్నది చెబుతున్నానా అని రెండు సార్లు అడిగింది. వేలు చూశానన్నాను, కళ్లు చూశానన్నాను.

"ఒక్కసారే మాన్పిస్తె పిల్లలు తట్టుకోరు," అంది చివరికి. "వంతులవారీగ దవాఖానకు తీస్కరా. డాక్టర్ చెప్పినట్టు రోజు రోజుకు తగ్గించాలె. మస్తు ఏడుస్తరు. తల్లులను ఒప్పించుడు నీ పని. ఏడుపు సంగతి నేను సూస్త."

తల్లులను ఒప్పించడం నాకన్నా ఆయాకే సులువైంది. సాయంత్రం గేటు దగ్గర వాళ్లతో ఏం చెప్పిందో నాకు తెలియదు. మొదట కడియాల పిల్ల తల్లి ఒక్కతే ఒప్పుకుంది, తర్వాత మరికొందరు. పిల్లలను తీసుకుని సంగారెడ్డి దవాఖానకు తిరగడానికి తిప్పలు పడ్డాం. జడ పట్టుకున్నామె మాత్రం ఒప్పుకోలేదు. సాయంత్రం గేటు దగ్గర నేను తన బిడ్డ దగ్గరికి వెళ్లినా ఊరుకునేది కాదు.

ఆ తర్వాత గది గది కాకుండా పోయింది. పిల్లలు తుమ్మేవాళ్లు, వణికేవాళ్లు, గుక్కపట్టి ఏడ్చేవాళ్లు. ఒకరిని భుజాన, ఒకరిని చంకన వేసుకుని నేను, ఆయా ఆ రేకుల గదిలో అటూ ఇటూ తిరిగాం. ఇన్‌చార్జి అమ్మ చెవులు మూసుకుని వచ్చింది.

"నువ్వొచ్చిన దగ్గర్నుంచే ఇలా అయింది. నిజం చెప్పు, ఏం చేస్తున్నావు పిల్లల్ని? గిల్లుతున్నావా?"

ఆయా ముందుకొచ్చింది.

"పండ్లొస్తున్నయమ్మా."

"అందరికీ ఒకేసారా?"

"ఈ గాలి గసొంటిది," అంది ఆయా రెప్ప వేయకుండా.

ఇన్‌చార్జి అమ్మ నమ్మలేదు. నన్ను తీసేయమని శిక్షణ కేంద్రానికి కబురు పంపింది. ఆ కబురుకు జవాబుగా టీచరమ్మే వచ్చింది. ఆవిడ వచ్చేసరికి గదంతా ఏడుపు. ఇన్‌చార్జి అమ్మ సిగ్గుపడి, "రోజూ ఇలా ఉండదండీ," అంటోంది. టీచరమ్మ తాపీగా ఒక్కొక్క బిడ్డ కన్ను చూసింది, పొట్ట నొక్కి చూసింది. తర్వాత ఇన్‌చార్జి అమ్మను బయటికి తీసుకెళ్లి చాలాసేపు మాట్లాడింది. లోపలికి వచ్చాక నాకు వినపడ్డ మాట ఒక్కటే. "ఏడ్చినందుకు ఇగ ఏ బిడ్డనూ వాపస్ పంపొద్దు. పంపినట్టు తెలిస్తే నేను మళ్ల వస్తా."

ఆ నియమం ఆ రోజుతో పోయింది. ఇంకో ఆయాను కూడా ఇచ్చారు. అందరూ మానేశారని చెప్పలేను. కొన్ని ఉయ్యాలల దగ్గర నేను చాలా నెలలు కనురెప్పలు ఎత్తి చూస్తూనే ఉన్నాను. జడ పట్టుకున్నామె ఒక వారం తర్వాత పనికి రావడం మానేసింది. ఊరికి పోయిందన్నారు కొందరు, వేరే ఫ్యాక్టరీలో చేరిందన్నారు ఇంకొందరు. ఆ బిడ్డ ఏమైందో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. చెప్పినవాళ్ల మాటలు ఒకదానికొకటి కలవలేదు.

కడియాల పిల్ల మాత్రం పాకింది. ఉయ్యాలలోంచి దించితే చాలు, గుమ్మం దాకా వెళ్లి ఫ్యాక్టరీ వైపు చూస్తూ కూర్చునేది. గమనించి చెప్పే పనికి నాకు ఇక మాటల కరువు లేదు. టీచరమ్మే "చాలు, కూసో," అనేది.

ఇన్‌చార్జి అమ్మ విషయం నాకు ఇప్పటికీ తేలలేదు. నా శిక్షణ ముగుస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం కొత్తగా చేరిన బిడ్డను ఎవరో తెచ్చి ఆమె చేతికిచ్చారు. బిడ్డ నిద్రపోతోంది. ఆమె నన్ను చూడలేదు. బొటనవేలితో ఆ బిడ్డ కనురెప్ప ఎత్తింది. కిటికీ వెలుతురు పడకుండా చెయ్యి అడ్డం పెట్టి మరీ చూసింది. ఆ రోజు టీచరమ్మ చేసింది చూసి నేర్చుకుందా, ముందునుంచీ తెలుసా? అడుగుదామని దగ్గరికి వెళ్లాను. ఆమె బిడ్డను నాకిచ్చి, "బాగానే ఉందమ్మా, ఉత్త నిద్రే," అని చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.