పక్కా రంగు

హైదరాబాద్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నుంచి నన్ను మెట్‌పల్లి పోస్టాఫీసుకు బదిలీ చేశారు. మకాం చిన్నమ్మ ఇంట్లో. పొద్దంతా రిసీవరు చేతిలోనే ఉండేది కాబట్టి, ఊళ్లో ఏ గొడవ జరిగినా నాకు తోచే మందు ఒక్కటే: పైవాళ్లకు ఫోన్ కొట్టడం.

చిన్నమ్మ ఉండేది నేతగాళ్ల గల్లీలో. ఆమె పంచాయతీ మెంబరు కూడా. ఆ ఎండాకాలం గల్లీ నీళ్ల తొట్టి సాయంత్రం నిండేది, తెల్లారేసరికి అడుగంటేది. ఆడవాళ్లు బిందెలెత్తుకుని ఊరవతలి బావికి నడిచేవారు. తొట్టి వెనక గోడకు అవతల సర్పంచి ఇంటి నిమ్మతోట మాత్రం పచ్చగా నవ్వేది.

"తొట్టి పగిలింది. నీళ్లు భూమిల ఇంకుతున్నయి" అనేవాడు సర్పంచి.

నాకు ఒళ్లు మండింది. "దొంగ పైపు ఏసిండు! కలెక్టరాఫీసుకు ఫోన్ కొడ్త. రేపే అవిశ్వాసం పెట్టు చిన్నమ్మా!"

చిన్నమ్మ ఎర్రరంగు వేసిన నూలు ఆరేస్తోంది. "పైపు చూసినవా?"

"చూడలే."

"మరి మెంబర్లు సంతకం ఎట్ల పెడ్తరు? అవిశ్వాసం ఓడిందనుకో, ఆయన ఉన్నన్ని రోజులు మన గల్లికి నీళ్లు రావు. నీ కోపం కచ్చా రంగు బిడ్డా, ఒక్క ఉతుకుకే పోతది. సబూత్ అంటే, రుజువంటే, పక్కా రంగుండాలె."

అని, చేతిలోని నూలు వంక చూసి, ఉన్నట్టుండి నవ్వింది.

మర్నాడు సాయంత్రం తొట్టి నిండగానే గల్లీ అంతా బిందెలు నింపుకుంది. ఆ తర్వాత కాగుల్లో మిగిలిన ఎర్రరంగంతా తొట్టిలో కుమ్మరించాం.

పొద్దున్నే చిన్నమ్మ మెంబర్లను చాయ్‌కి పిలిచి, అటునుంచి అటే తోటకు తీసుకుపోయింది. నేనూ వెంట నడిచాను. నిమ్మచెట్ల పాదుల్లో ఎర్రనీళ్లు. గోడ పక్కన పైపు, దాని కింద గోలెం. అందులో రాత్రి నానేసిన తెల్ల ధోవతిని పైకెత్తి పట్టుకుని, నడుముకు తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడు సర్పంచి. అది గులాబీ పువ్వులా ఉంది.

అప్పటిదాకా భయపడుతూ వచ్చిన ఒక మెంబరు ఆగలేకపోయాడు. "హోళీ పోయి నెలైంది గద పటేలా!"

సర్పంచి నా మీద విరుచుకుపడ్డాడు. "గీ పట్నం పోరి పనే ఇది! మీ తొట్టికి, నా తోటకు ఏం సంబంధం?"

నేను నోరు తెరిచేలోపే చిన్నమ్మ నా చెయ్యి గిల్లింది. "ఉతుకు పటేలా" అంది నెమ్మదిగా. "రంగు పోతే అది మా గల్లిది కాదు. నేనే మాఫీ అడుగుత."

సర్పంచి ఉతికాడు. సబ్బేసి ఉతికాడు, బండకేసి బాదాడు. మెంబర్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. అక్కడే కాగితం తెప్పించుకుని సంతకాలు పెట్టారు.

అవిశ్వాసం నెగ్గింది. పైపు ఊడింది. తొట్టిలో తెల్లారేదాకా నీళ్లు నిలిచాయి. ధోవతి మాత్రం ఎండాకాలమంతా ఆయన దండెం మీద ఆరుతూనే ఉంది. బిందెలు నింపుకుంటూ ఎవరో ఒకరు గోడ మీదుగా తొంగిచూసి కేకేసేవారు:

"ఇంకా పోలే!"